అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు

బుధవారం ఉదయం ఆరూ ఇరవై.

వంటింటి నేల మీద ఒకామె వెల్లకిలా పడి ఉంది. ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. కాళ్ళకు చెప్పులు లేవు. నేలంతా తడి. పక్కనే పిండి గిన్నె బోర్లా పడింది. కరెంటు పొయ్యి మీద మూకుడులో నూనె ఇంకా వెచ్చగానే ఉంది.

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ నమకావు గుమ్మం దాటి లోపలికి వచ్చింది. శవం మొహం చూసింది. అక్కడే ఆగిపోయింది.

"ఏమైంది మేడమ్? తెలిసినావిడా?" కానిస్టేబుల్ చిశింబా అడిగాడు.

"కాదు" అంది నమకావు.

అది అబద్ధం.

చనిపోయినామె పేరు ముకుకా. తెల్లవారుజామునే లేచి పిండి వడలు వేసి, బస్‌స్టాప్ దగ్గర అమ్ముకునేది. భర్త సకాలా మినీ బస్సు కండక్టరు. అతను మొదటి ట్రిప్పుకు వెళ్ళిపోయాక ఆమె పడిపోయింది. అంతలోనే ఆ కాలనీకి కరెంటు కోత మొదలైంది. పక్కింటివాళ్ళు వచ్చేసరికి ఊపిరి లేదు.

"బీపీ ఉంది పాపం. దేశంలో ఎవరికి లేదు చెప్పండి?" అంది పక్కింటావిడ.

నమకావు వంగి శవం కుడిచెయ్యి చూసింది. అరచేతిలో చిన్న మచ్చ. బూడిదరంగులో, అంచులు మాడినట్టుగా ఉంది. ఆ మచ్చ ఏమిటో పన్నెండేళ్ళ సర్వీసున్న ఇన్‌స్పెక్టర్‌కు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆమె కళ్ళు పొయ్యి మీదికి వెళ్ళాయి. వెంటనే తిరిగొచ్చాయి.

"బీపీ అయ్యుండొచ్చు. మార్చురీకి పంపించండి" అంది.

బయటికి వచ్చేసరికి చావింటి పనులు మొదలైపోయాయి. మగవాళ్ళు వాకిట్లో మొద్దులు పేర్చి నిప్పు రాజేస్తున్నారు. ఆడవాళ్ళు ముందుగదిలోని సోఫాలు, బల్లలు బయటికి మోసేసి నేల మీద చాపలు పరుస్తున్నారు. వంటింట్లో పొయ్యి మాత్రం ఉన్నచోటే ఉంది. దాన్ని స్వాధీనం చేసుకోవాలని నమకావుకు తెలుసు. చేసుకుంటే, ఎందుకని అందరూ అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ధైర్యం ఆమెకు ఆ పూట లేకపోయింది. జీపెక్కి వెళ్ళిపోయింది.

అసలు సంగతి సోమవారం జరిగింది.

మధ్యాహ్నం వేళ. కౌంటర్‌లో కూర్చునే కానిస్టేబుల్ బయటికి వెళితే ఆ కుర్చీలో నమకావు కూర్చుంది. మొక్కజొన్న పిండితో చేసిన ఎన్షిమా ముద్ద కపెంటా చేపల పులుసులో ముంచుకుని తింటోంది. ఒకామె నెత్తి మీద గుడ్డమూటతో వచ్చింది. మూట దించి విప్పింది. లోపల రెండు ప్లేట్ల కరెంటు పొయ్యి.

"కొని వారం కూడా కాలేదు మేడమ్. ముట్టుకుంటే జివ్వున షాక్ కొడుతోంది. షాపుకి తీసుకెళితే గోడ మీద బోర్డు చూపించి పొమ్మన్నారు."

"రసీదు ఉందా?"

"ఉంది మేడమ్."

"కింద ఏం రాసుందో చదువు."

ఆమె బడిపిల్లలా నిలబడి చదివింది. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు."

"మరింకేం? చూసే కొన్నావుగా. ఇది షాపు గొడవ. పోలీసు గొడవ కాదు."

"ఒక్కసారి ప్లగ్గు పెట్టి ముట్టుకుని చూడండి మేడమ్. మీకే తెలుస్తుంది."

"నాకు వేరే పన్లేదా తల్లీ?"

ఆమె పొయ్యిని మళ్ళీ మూట కట్టింది. నెత్తికెత్తుకుంది. కోప్పడలేదు. "తినే వేళకి వచ్చాను, ఏమీ అనుకోకండి" అని వెళ్ళిపోయింది.

నమకావు చెడ్డ మనిషి కాదు. ఆ బోర్డే చట్టమని నిజంగానే నమ్మింది. లుసాకాలో ఏ షాపు గోడ చూసినా అదే మాట ఉంటుంది. అమ్మేవాడూ నమ్ముతాడు, కొనేవాడూ నమ్ముతాడు. ఖాకీ బట్టలు వేసుకున్నంత మాత్రాన ఆమెకు వేరే జ్ఞానం రాలేదు. కాని సోమవారం చేసింది తెలియక చేసిన తప్పు. బుధవారం నోరు మూసుకున్నది తెలిసి చేసింది. ఆ రెండో తప్పే ఆమెను తిన్నచోట తిననివ్వలేదు, కూర్చున్నచోట కూర్చోనివ్వలేదు.

గురువారం సాయంత్రం పోస్ట్‌మార్టమ్ రిపోర్టు వచ్చింది.

విద్యుత్ ప్రవాహం కుడి అరచేతిలోంచి పాదాలకు దిగింది. గుండె ఆగింది.

అప్పుడు నమకావు చావింటికి పరుగెత్తింది. పొయ్యి వంటింట్లోనే ఉంది. సీలు వేసి తెచ్చింది. శుక్రవారం ఉదయం ఎలక్ట్రికల్ ఎక్స్‌పర్ట్ దాన్ని అన్ని రకాలుగా పరీక్షించాడు.

"బంగారం లాంటి పొయ్యి. పట్టుకుని పడుకున్నా ఏమీ కాదు" అన్నాడు.

ఆ మాటతో స్టేషన్ పెద్ద సారు ఒక నిర్ణయానికి వచ్చేశాడు. పొయ్యి మంచిదైతే కరెంటు ఎక్కడినుంచి వచ్చింది? భర్త మంగళవారం రాత్రి భార్యతో పోట్లాడాడు. నలుగురు విన్నారు. ఇంట్లో వైరింగంతా అతని చేతి పనే. పైగా బుధవారం పొద్దున్నే కామ్‌వాలా బజారులోని ఆ షాపుకు వెళ్ళి "మీ పొయ్యే నా పెళ్ళాన్ని చంపింది" అని వీధి అదిరేలా అరిచాడు. నేరం వేరేవాళ్ళ మీదికి తోసేయడానికే అరిచాడని పెద్ద సారు తేల్చాడు.

సకాలాను లాకప్‌లో వేశారు. వచ్చే సోమవారం కోర్టు. కేసు హత్య.

అదే ఉదయం తొమ్మిదిన్నరకు నమకావు లాకప్ ఊచల ముందు నిలబడింది. పక్కన చిశింబా పెన్ను పట్టుకుని ఉన్నాడు.

"మంగళవారం రాత్రి గొడవెందుకు?"

"దాని గురించే మేడమ్! ఆ పొయ్యి వాడొద్దని నేను. డబ్బు పోసి కొన్నది పారేస్తామా అని తను." సకాలా కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. "కర్రగరిటె పట్టుకుంటే ఏం కాదులే అంది. నేను గట్టిగా అరిచాను. దాన్ని విసిరి బయట పారేసుంటే బతికేది. అరిచి ఊరుకున్నాను."

"పొయ్యిలో తప్పేం లేదని రిపోర్టు వచ్చింది."

"రిపోర్టు రాసినాయన్ని మా పొయ్యిని వట్టి చేత్తో ముట్టుకోమనండి! షాపువాళ్ళకి తెలుసు. పోలీసులకీ తెలుసు."

"పోలీసులకా?" చిశింబా తల ఎత్తాడు.

"సోమవారం ఇక్కడికే వచ్చింది. ఎవరో ఆడ పోలీసు తింటూ కూర్చుని పొమ్మందట. ఆవిడెవరో కనుక్కోండి మేడమ్. మీ కాళ్ళు పట్టుకుంటా. ఆవిడొక్కతి నోరు విప్పితే చాలు, నేను బయటపడతాను."

"రిజిస్టర్లో అలాంటి ఎంట్రీ ఏదీ లేదు" అన్నాడు చిశింబా. "కట్టుకథ మేడమ్."

సకాలా నమకావునే చూస్తున్నాడు. ఇంత అమాయకంగా తననెవరూ చూడగా ఆమె ఎరగదు.

"కనుక్కుంటాను" అని వెనక్కి తిరిగింది.

తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నీళ్ళు తాగింది. తనకు తెలిసిన ఒక లాయరుకు ఫోన్ చేసి ఆ బోర్డు గురించి అడిగింది. ఆయన చెప్పింది విని ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది.

తర్వాత ఆలోచించడం మొదలుపెట్టింది.

ముకుకా పొయ్యికి షాక్ ఉంది. స్టేషన్లో ఉన్న పొయ్యికి షాక్ లేదు. రెండూ నిజాలే. అంటే ఇది ముకుకా పొయ్యి కాదు. ఈ లెక్క స్టేషన్లో ఇంకెవరికీ తట్టదు. ఎందుకంటే మొదటి నిజం తెలిసినది ఆమె ఒక్కతే.

పొయ్యి ఎవరో మార్చారు. ఎవరికి లాభం? సకాలాకు కాదు. మంచి పొయ్యి దొరకడంవల్లే అతను ఇరుక్కున్నాడు. లాభం షాపుకు. ఎప్పుడు మార్చారు? బుధవారం ఉదయానికీ గురువారం సాయంత్రానికీ మధ్య. ఆమె భయపడి పొయ్యిని వదిలేసిన ఆ ఒకటిన్నర రోజులో.

"చిశింబా! చావింట్లో ఎవర్నెవర్ని విచారించావు?"

"నిప్పు చుట్టూ కూర్చున్న వాళ్ళందర్నీ మేడమ్. కొత్త మగాడెవడైనా ఇంట్లోకి వెళ్ళాడా అని అడిగాను. ఎవడూ వెళ్ళలేదన్నారు."

"మగాడు ఎలా వెళ్తాడయ్యా? చావింట్లో మగాళ్ళు బయట, ఆడాళ్ళు లోపల. వాడు గుమ్మం దాటితే నలభై మంది చూస్తారు."

"అదే కదా మేడమ్, నేను చెప్పేది."

"ఆడాళ్ళని అడిగావా?"

"లేదు మేడమ్" అని చిశింబా జీపు తాళాలు అందుకున్నాడు.

పదకొండు గంటలకు నమకావు చావింటి గుమ్మంలో బూట్లు విప్పింది. లోపలికి వెళ్ళి ఆడవాళ్ళ మధ్య చాప మీద కూర్చుంది. శవం ఇంకా మార్చురీలోనే ఉంది కాబట్టి ఏడుపులు ఆగలేదు.

గది మధ్యలో ఒక ముసలామె ముకుకా ఏప్రన్ కట్టుకుని, గాలిలో వడలు వేస్తూ, గాలిలోనే చిల్లర లెక్కపెడుతోంది. సకాలా వైపు బంధువు, జెరే అవ్వ. తూర్పు నుంచి వచ్చిన ఎన్గోనీ తెగ మనిషి. ఎన్గోనీలకూ ముకుకా పుట్టింటి బెంబాలకూ వరస వేళాకోళం; చనిపోయినవాళ్ళను అనుకరించడమూ అందులోదే. చావింట్లో కూడా వదలరు. చావింట్లో అయితే అసలు వదలరు.

"ఈ బెంబాలు కోతుల్ని తిని తిని ఏడుపు కూడా మర్చిపోయార్రా! ఇదేం ఏడుపే? పిల్లి తోక తొక్కినట్టుంది. గట్టిగా ఏడవండి!"

"ఎలకలు తినే నోరు, నువ్వు మాట్లాడకు అవ్వా!" ఏడుస్తున్న ముకుకా పిన్ని కన్నీళ్ళలోనే నవ్వింది.

నమకావు అవ్వ పక్కకు జరిగింది.

"అవ్వా, బుధవారం నుంచి వంటింట్లోకి ఎవరెళ్ళారు?"

"వంటింట్లోకా? వంటంతా పెరట్లోనే కదే, కుంపట్ల మీద. లోపల ఎవరికేం పని?" అవ్వ ఆగింది. "ఒకత్తి వెళ్ళిందిలే. బుధవారం మధ్యాహ్నం. బిడ్డకి గంజి వెచ్చబెట్టుకుంటానంది. కరెంటు లేదు కదే మొద్దూ అన్నాను. అయితే చల్లటిదే పోస్తానని లోపలికి పోయింది."

"ఎవరామె?"

"నాకేం తెలుసు? ఏడుస్తూ వచ్చినదాన్ని నువ్వెవరివే అని అడుగుతామా? అందరికంటే గట్టిగా అదే ఏడిచింది. ఏడుపులో దొంగతనం లేదులే, నిజంగానే ఏడిచింది."

"చాప మీద కూర్చుందా?"

"లేదు. నిలబడే ఉంది."

"బిడ్డని వీపు మీంచి దించిందా?"

"దించలేదు. తల దాకా గుడ్డ కప్పేసింది. బయటికొస్తుంటే నేనే అడ్డంపడ్డాను. బిడ్డనియ్యవే, నా మనవడికి పెళ్ళాన్ని చేసుకుంటానని చెయ్యేశాను. తేలు కుట్టినట్టు ఎగిరి పరిగెత్తింది. మేమందరం పకపకా నవ్వాం. ఎలకలు తినే అత్తగారంటే భయపడిందనుకున్నాం."

"అవ్వా, సరిగ్గా గుర్తుచేసుకో. బిడ్డ కాళ్ళు చూశావా?"

అవ్వ ఏప్రన్ విప్పి పక్కన పెట్టింది.

"ఎక్కడికి రావాలో చెప్పమ్మాయ్" అంటూ లేచింది.

మధ్యాహ్నం మూడు గంటలు. కామ్‌వాలాలో షైనింగ్ స్టార్ ఎలక్ట్రికల్స్.

షాపులో బయటివాళ్ళెవరూ లేకుండా చిశింబా షట్టర్ సగానికి దించాడు. యజమాని సిలుంగ్వే టై సర్దుకున్నాడు. కౌంటర్ వెనక సేల్స్ గాళ్ టెమ్వానీ నిలబడి ఉంది. పాతికేళ్ళు ఉంటాయి. నిద్రలేని మొహం. ఇద్దరి తలల పైన ఎర్ర అక్షరాల బోర్డు.

"బుధవారం మధ్యాహ్నం మీరెక్కడున్నారు సిలుంగ్వే గారూ?"

"ఇక్కడే మేడమ్. కాలు బయట పెట్టలేదు. వీధంతా సాక్ష్యం."

"ఈ అమ్మాయి?"

"చావుందని సెలవడిగింది. చావుకి సెలవివ్వనంటే మనిషిననిపించుకుంటానా?"

"ఎవరి చావమ్మా?"

"మా మేనత్త" అంది టెమ్వానీ.

"పేరు?"

టెమ్వానీ కౌంటర్ మీది రసీదు పుస్తకం సర్దింది.

"ఏ బస్తీ, ఏ కాంపౌండు? ఎప్పుడు పూడ్చారు?"

అప్పుడే సగం దించిన షట్టర్ కింద నుంచి జెరే అవ్వ వంగి లోపలికి వచ్చింది. కౌంటర్ దాకా నడిచింది. టెమ్వానీని పైనుంచి కిందికి చూసింది.

"ఏమే వియ్యపురాలా! నీ బిడ్డ బాగుందా? గంజి తాగిందా?"

టెమ్వానీ ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఎవరీ ముసలామె?" సిలుంగ్వే అడ్డం వచ్చాడు. "ఈ పిల్లకసలు పెళ్ళే కాలేదు. పిల్లలెక్కడివి?"

"థాంక్స్" అంది నమకావు. "నేను అడగబోయేది మీరే చెప్పారు. పిల్లల్లేని పిల్ల బుధవారం వీపు మీద ఎవర్ని మోసింది?"

సిలుంగ్వే టెమ్వానీ వైపు తిరిగాడు.

"మన ఆడాళ్ళు బిడ్డని వీపుకి కట్టుకుంటే గుడ్డ ఎంత కప్పినా రెండు పాదాలు నడుముకి చెరో పక్కా బయటికొస్తాయి" అంది నమకావు. "కాళ్ళు కలిపి కట్టేసిన బిడ్డని ఎవరైనా చూశారా? ఆ రోజు గదినిండా తల్లులే. ఒక్కరికీ అనుమానం రాలేదు, ఏడుపులో ఉన్నారు కనుక. ఈ అమ్మాయి షాపులోంచి కొత్త పొయ్యి వీపుకి కట్టుకుని వెళ్ళింది. కింద కూర్చోలేదు, కూర్చుంటే బిడ్డని దించాలి. వంటింట్లో మూకుడులో మిగిలిన నూనె కొత్త పొయ్యికి రాసింది. పాతది వీపుకి కట్టుకుంది. అవ్వ చెయ్యేస్తే ఇనుము తగిలింది."

"రాయిలా తగిలింది" అంది అవ్వ. "పోషణ బాగుందనుకున్నాను."

సిలుంగ్వే నవ్వబోయాడు. "కథ బాగుంది మేడమ్. ఆ పొయ్యికి షాక్ ఉందని ఎవరు చెప్పారు? ఆ ఖైదీ తప్ప?"

చిశింబా మెల్లగా అన్నాడు. "అది నిజమే మేడమ్. కోర్టులో మొదట అడిగేది అదే."

నమకావు ఇక్కడికి వచ్చే దారిలో ఈ మాటను పదిసార్లు మనసులో చెప్పుకుంది. ఇప్పుడు చిశింబా చేతిలోని పెన్ను వైపు వేలు చూపించింది.

"నేను చెప్తాను" అంది. "సోమవారం ముకుకా వచ్చింది నా దగ్గరికే. తింటూ కూర్చున్న ఆడ పోలీసుని నేనే."

చిశింబా పెన్ను ఆగిపోయింది.

"రసీదు చదివించి పంపేశాను. ఒక్కసారి ముట్టుకుని చూడమంది. ముట్టుకోలేదు. రిజిస్టర్లో రాయలేదు. బుధవారం మొహం చూడగానే గుర్తుపట్టాను. చేతిలో మచ్చ కూడా చూశాను. బీపీ అని వాళ్ళంటే ఊఁ అన్నాను. ఆ పూటే పొయ్యి తెచ్చుంటే ఈ అమ్మాయికి మోసే పనే ఉండేది కాదు, సకాలా లాకప్‌లో ఉండేవాడు కాదు. రాసుకో చిశింబా."

"మేడమ్, ఇది రాస్తే మీ ఉద్యోగం…"

"రాసుకో. మొదటి స్టేట్‌మెంట్ నాది."

సిలుంగ్వే చూపుడువేలు పైకి లేచింది. "ఏదేమైనా ఆమె బోర్డు చూసే కొన్నది. చట్టం…"

"ఆ బోర్డు పెట్టడమే చట్టం ప్రకారం నేరం!" నమకావు గొంతు మొదటిసారి పైకి లేచింది. "నాకూ ఇవాళే తెలిసింది. లాయరు చెప్తుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. పాడైన సరుకు తెస్తే డబ్బివ్వాలి, లేకపోతే మంచిది ఇవ్వాలి. ఆమె అడిగింది ఆమె హక్కు. అది నీకు తెలుసు. నీకు ముందునుంచే తెలుసు."

టెమ్వానీ కౌంటర్ మీద తల పెట్టేసింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"తెలుసు మేడమ్, ఆయనకి తెలుసు. ఆ పొయ్యి ముందొక పెద్దాఫీసరు కొన్నాడు. షాక్ కొడుతోందని డ్రైవరు చేత పంపిస్తే మారుమాట్లాడకుండా మార్చిచ్చారు. ఆయనకి బోర్డు చూపించలేదు. అదే పొయ్యి నా చేత తుడిపించి డబ్బాలో పెట్టించారు. నేనే అమ్మాను. కొనేముందు ప్లగ్గు పెట్టి చూపిస్తాంగా, ప్లేటు ఎర్రబడింది, ఆమె ఎంతో మురిసిపోయింది. తిరిగొచ్చి అక్కా మార్చివ్వవే అని నన్నే బతిమాలింది. నేను కూడా బోర్డే చూపించాను."

"పొయ్యి మార్చమన్నదెవరు?"

"ఆయనే. మార్చకపోతే అమ్మింది నువ్వే కనుక జైలుకి నువ్వే పోతావన్నారు."

"చావింట్లో ఏడ్చావటగా?"

"ఏడుపు నటిద్దామనే వెళ్ళాను మేడమ్. లోపలికి వెళ్ళాక ఆగలేదు."

జెరే అవ్వ కౌంటర్ చుట్టి వెళ్ళి ఆమె పక్కన నిలబడింది.

"పాత పొయ్యి ఏది?"

"పారేయమన్నారు. కోర్టుకి కావాల్సొస్తే అని భయమేసి, వెనక గదిలో సంచుల కింద దాచాను."

అందరూ వెనక గదిలోకి వెళ్ళారు. టెమ్వానీ సంచులు లాగింది. ఒకటి, రెండు, అన్నీ. కింద ఏమీ లేదు. ఆమె తిరిగి సిలుంగ్వే వైపు చూసింది. సిలుంగ్వే టై వదులు చేసుకుంటున్నాడు.

"ఏం చేశావు?" అంది నమకావు.

"పొద్దున ఒకామె తక్కువలో ఏదైనా ఉందా అని అడిగింది."

"అమ్మేశావా?"

"తుడిచి ఇచ్చాను."

"మనిషిని చంపిన పొయ్యి!" టెమ్వానీ అరిచింది. "మళ్ళీ అమ్మేశారా?"

"ఎవరికి?" నమకావు అతని కాలరు పట్టుకుంది. "పేరేంటి? ఎక్కడుంటుంది?"

డబ్బు ఫోన్‌లో పంపింది కాబట్టి పేరూ నంబరూ దొరికాయి. ఎస్నాత్ మ్వాలే. చిశింబా కాల్ చేశాడు. స్విచాఫ్. మళ్ళీ చేశాడు. స్విచాఫ్. కరెంటు కోతలున్న ఊళ్ళో పగటిపూట ఫోన్‌కు ఛార్జింగ్ ఎక్కడిది?

"పిండి బస్తా కూడా ఉంది ఆమె దగ్గర" అన్నాడు సిలుంగ్వే. "జామ్‌క్యాబ్ మాట్లాడుకుంది."

నమకావు షట్టర్ కింద నుంచి బయటికి దూకింది. షాపు ముందు తోపుడు బండ్లవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. ఊళ్ళో వాళ్ళ బండికి జామ్‌క్యాబ్ అని ముద్దుపేరు.

"పొద్దున పిండి బస్తా, కరెంటు పొయ్యి, ఒకామె. ఎవరు తోశారు?"

"నేనే" అన్నాడు గడ్డం నెరిసిన ఒకతను. "ములోలా కాంపౌండు. చేతిపంపు వెనకిల్లు. దారంతా బేరమాడుతూనే ఉంది. ఏం, దొంగ సరుకా?"

"ములోలాకి కరెంటు ఎన్నింటికొస్తుంది?"

"నాలుక్కి."

వాచీ మూడూ నలభై చూపిస్తోంది.

జీపులో ముందు సీట్లో తోపుడు బండి మనిషి. వెనక సీట్లో చిశింబా. స్టీరింగ్ నమకావు చేతిలో. శుక్రవారం సాయంత్రం కామ్‌వాలా రోడ్డు. మినీ బస్సులు అడ్డదిడ్డంగా ఆగి ఉన్నాయి. సైరన్ వేసినా ఎవరూ కదలరు.

"ఎడమకి… కాదు కాదు, తర్వాతి ఎడమ… అయ్యో, నా బండికైతే ఇటు తోవుంది మేడమ్, మీ జీపు పట్టదు."

నమకావు జీపు వదిలేసింది. సందులో పరుగెత్తింది. బురద. ఆరేసిన బట్టలు. ఉడుకుతున్న చిక్కుళ్ళ వాసన. చేతిపంపు కనిపించింది.

అప్పుడే కాంపౌండంతా ఒక్క గొంతుతో కేక వేసింది. ఒక ఇంట్లో రేడియో, ఇంకో ఇంట్లో ఇంకో రేడియో. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు.

కరెంటు వచ్చింది.

చేతిపంపు వెనకిల్లు. తలుపు తెరిచే ఉంది. లోపల ఒకామె అప్పుడే నీళ్ళు నింపిన గిన్నె పొయ్యి పక్కన దించింది. చేతులు తడి. పాదాలు వట్టివి. పొయ్యి స్విచ్చు వేసే ఉంది. ప్లేటు ఎర్రబడుతుంటే ఆమె మొహం వెలిగిపోతోంది. పొయ్యిని దగ్గరికి లాక్కుందామని చెయ్యి చాచింది.

"ముట్టుకోకు!"

నమకావు ఆమెను భుజంతో తోసేసింది. ఇద్దరూ గోడకు కొట్టుకున్నారు. గిన్నె దొర్లింది. నమకావు చెయ్యి తడుముకుంటూ వెళ్ళి గోడ మీది స్విచ్చు ఆపింది.

"ఎవరమ్మా నువ్వు? నా ఇంట్లోకొచ్చి నన్నే తోస్తావా?"

"పోలీసులం. ఈ పొయ్యి మాకు కావాలి."

"పోలీసులైతే? డబ్బు పోసి కొన్నాను!"

"డబ్బు వెనక్కి ఇప్పిస్తాను."

"వెనక్కి ఎవడిస్తాడమ్మా? బోర్డు చదివే కొన్నాను."

చిశింబా రొప్పుతూ లోపలికి వచ్చాడు. అందరినీ దూరంగా నిలబెట్టి స్విచ్చు వేశాడు. జేబులోంచి టెస్టర్ తీసి పొయ్యి అంచుకు ఆనించాడు. టెస్టర్‌లో ఎర్ర దీపం వెలిగింది. రెండో అంచుకు ఆనించాడు. వెలిగింది. ఎక్కడ ఆనిస్తే అక్కడ వెలిగింది.

ఎస్నాత్ చూస్తూ నిలబడింది. తర్వాత కింద కూర్చుంది. గుమ్మంలో నిలబడ్డ కూతుర్ని లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది.

"ఇది చాలు మేడమ్" అన్నాడు చిశింబా. అతని గొంతు మెత్తబడింది. "ఇదీ, మీ స్టేట్‌మెంటూ. సకాలా రేపు పొద్దునకి బయట ఉంటాడు."

"రేపు కాదు. ఇవాళే. నేనే వెళ్ళి చెప్తాను అతనికి, అన్నీ."

నమకావు స్విచ్చు ఆపి, ప్లగ్గు లాగి, పొయ్యికి సీలు వేస్తోంది. ఎస్నాత్ లేచి దగ్గరికి వచ్చింది.

"మేడమ్, నేనింకా ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు కదా? మీకెలా తెలిసింది?"

"ఇంకొకావిడ చేసింది."

"చల్లగా ఉండాలి ఆ తల్లి. ఎవరికి చేసింది?"

"నాకు."

ఎస్నాత్ గబుక్కున నమకావు రెండు చేతులూ పట్టుకుంది. మోకాలు వంచి, ఆ చేతుల్ని కళ్ళకద్దుకుంది.

"ఆవిడ నోరు తెరిచి చెప్పబట్టి, మీరు ఆవిడ మాట వినబట్టి నా బిడ్డకి తల్లి మిగిలింది మేడమ్. ఆవిడ కనబడితే చెప్పండి, ఎస్నాత్ దండం పెట్టిందని."

చిశింబా మొహం తిప్పుకున్నాడు.

నమకావు చేతులు వెనక్కి తీసుకోవాలనుకుంది. ఆమె పట్టు గట్టిగా ఉంది. అలాగే నిలబడింది.